పంచాంగం పక్కన ఇంకో రెండు లైన్లు

ఎడిటరు గారికి నమస్కారం.

వేసవి సెలవులు రాగానే పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో మీ పేపర్లో వేస్తున్నారు. అన్నీ టికెట్టు కొనాల్సిన చోట్లే. నేను అంబాజీపేట దగ్గర ఒక పల్లెలో జాకెట్లు కుట్టుకునేదాన్ని. మావారు కొబ్బరి దింపు తీస్తారు. ఆదివారం పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకానే మాకు తీరిక.

రెండేళ్ల కిందట వానాకాలంలో మావారు కొబ్బరి కమ్మతో పాటు కింద పడిన గిజిగాడి గూడు తెచ్చారు. ఖాళీదే. అప్పుడు రెండో తరగతిలో ఉన్న మా అమ్మాయి దాన్ని ఒళ్లో పెట్టుకుని నా కత్తెర అడిగింది. కొయ్యనివ్వలేదు, వేలు పెట్టి చూడమన్నాను. లోపల ఎండిన మట్టి ముద్దలు అంటుకుని ఉన్నాయి. ఆ మట్టిలో మిణుగురుల్ని అంటించి దీపం పెట్టుకుంటుందని మా అమ్మ చెప్పేది. వెతికాం, ఒక్క రెక్క కూడా దొరకలేదు. గాలికి ఊగకుండా బరువు కోసమని మావారి మాట. ఆ అల్లిక చూస్తే మాత్రం, ఇరవై ఏళ్లుగా మిషను తొక్కుతున్నా, అంత బిగువు నాకు రాదు. గూడు కట్టేది మగపక్షి. సగం అయ్యాక ఆడపక్షి వచ్చి చూసి, నచ్చకపోతే ఎగిరిపోతుంది. నాకు మా కస్టమర్లు గుర్తొచ్చారు.

అప్పట్నించీ ఆదివారాలు కాలువ గట్టు మీదే. వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేశాక మిగిలిన మడుగుల చుట్టూ కొంగలు చేరతాయి. ఆరుద్ర కార్తెలో వాన వెలిస్తే ఇసక నేల మీద ఎర్ర ముఖమల్ ముక్కలా ఆరుద్ర పురుగు నడుస్తుంది. మా చిన్నప్పుడు వాటిని అగ్గిపెట్టెలో పెట్టి చంపేసేవాళ్లం. మా పిల్లల చేత అరచేతి మీద నడిపించి వదిలేయిస్తున్నాను. కాలువలో నీళ్లున్నన్నాళ్లూ బాబు చెయ్యి మాత్రం వదలను.

మొన్న సంక్రాంతి సెలవుల్లో కాకినాడ దగ్గర కోరంగి మడ అడవికి వెళ్లాం. మూడు బస్సులు మారి చెక్క వంతెన ఎక్కేసరికి సముద్రం పోటు మీద ఉంది. చెట్ల కింద నీళ్లు తప్ప ఏమీ లేవు. బాబు ఏడుపు. అక్కడ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన "పాటు మీద, నీళ్లు దిగేటప్పుడు రావాలమ్మా" అన్నాడు. ఆయన మాట నమ్మి పులిహోర తిని కూర్చున్నాం. మూడు గంటలు గడిచాక నీళ్లు దిగాయి. బురదలోంచి మేకుల్లా వేళ్లు బయటపడ్డాయి. బురదలో ఉన్న వేళ్లకి గాలి వాటి ద్వారానే అందుతుంది. ఒక డెక్క చిన్నది, ఒకటి ఒంటికి మించినదీ ఉన్న పీతలు బొరియల్లోంచి వచ్చాయి. బురద మీద గెంతే చేపను చూసి "చేపకి కాళ్లొచ్చాయి" అని బాబు ఒకటే అరుపు. కాళ్లు కావు, ఈదే రెక్కలు. ఆ వేళేదో ముందే తెలిసుంటే మూడు గంటలు మిగిలేవి కదా.

మీరు రోజూ తిథి, వర్జ్యం వేస్తారు. వాటి పక్కనే కాకినాడ తీరానికి పోటు, పాటు వేళలు కూడా వేయండి. అవి రోజూ ముప్పావు గంటకు పైగా జరుగుతుంటాయి, నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. కార్తె మారినప్పుడల్లా, ఆ పదమూడు పద్నాలుగు రోజుల్లో పిల్లలకు ఇంటి చుట్టుపక్కల ఏం కనబడుతుందో ఒక లైను వేయండి. ఎవర్ని అడగాలా అనుకుంటే దింపు తీసేవాళ్లని, వలలేసేవాళ్లని అడగండి, చెబుతారు.

అక్షరాలు మాత్రం కాస్త పెద్దవి వేయించండి. మా ఇంట్లో పేపరు చదివి వినిపించేది నాలుగో తరగతి పిల్ల.

ఇట్లు,
ఒక టైలరు,
అంబాజీపేట మండలం, కోనసీమ.