నాన్న వెల్లకిలా పడుకున్నాడు

సోమవారం రాత్రి నాన్న వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. మీకిది పెద్ద వార్త కాకపోవచ్చు, మా అమ్మ మాత్రం రెండుసార్లు లేచి ఊపిరాడుతోందా లేదా అని చూసొచ్చింది. నాన్నకి పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్. దాని నొప్పి వీపులోకి పొడుస్తుంది, వెనక్కి వాలితే ఇంకా ఎక్కువ. అందుకే నెలన్నరగా ఆయన మంచమ్మీద కూర్చుని, ఒళ్లో రెండు దిండ్లు పెట్టుకుని వాటి మీదికి వంగి కునుకు తీసేవాడు.

మా నల్లగొండ పాలియేటివ్ కేర్ (పెద్ద జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) డాక్టరమ్మకి, సిస్టరక్కకి థాంక్స్ చెప్పాలని ఈ పోస్టు.

కీమో ఇంకో రౌండ్ ఇప్పిద్దామా వద్దా అని అన్నయ్యా, నేనూ, మేనమామా ఆస్పత్రి వరండాలో తెగ వాదించుకున్నాం, పొలం అమ్మేదాకా వెళ్లింది మాట. నాన్నని మాత్రం ఎవరం అడగలేదు. అసలు జబ్బు పేరే చెప్పలేదు, కడుపులో పుండన్నాం. ఈ డాక్టరమ్మ కుర్చీ ఆయన దగ్గరికి లాక్కుని, "మీ జబ్బు గురించి మీకేం తెలుసు పెద్దయ్యా?" అని అడిగింది. "జుట్టూడినోళ్ల పక్కన మూడు నెలలు కూర్చోబెట్టి పుండంటే నమ్ముతానా తల్లీ! ఇంక సూదులొద్దు, నొప్పి తగ్గించు, ఇంటికి పోతా" అన్నాడు. మా ముగ్గురికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నొప్పికి మార్ఫిన్ అనగానే భయపడింది నేనే. మత్తుమందు కదా, అలవాటైపోతుంది, అది మొదలైందంటే ఇక అంతే అనుకున్నా. తక్కువ డోసుతో మొదలుపెట్టి నొప్పిని బట్టి పెంచుతారనీ, నొప్పి వచ్చేదాకా ఆగకుండా నాలుగు గంటలకోసారి టైముకి వేయాలనీ, మలబద్ధకం రాకుండా రోజూ సిరప్ తప్పదనీ సిస్టరక్క ఓపిగ్గా చెప్పి, పాత క్యాలెండర్ వెనక గడులు గీసిచ్చింది. (సిరప్‌ని మొదటి వారం నేను లైట్ తీసుకున్నా. నాన్న తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.) నొప్పి పదికి ఎంత అని ఆ గడుల్లో రోజూ రాస్తున్నాం. ఎనిమిదితో మొదలైంది, ఇప్పుడు రెండో మూడో.

పాలియేటివ్ వాళ్లని ఇంటికి తీసుకొచ్చే 'ఆలన' బండి డ్రైవరన్నకీ, రోజూ రాగి జావ పంపే పక్కింటి పెద్దమ్మకీ కూడా థాంక్స్. "పాలియేటివ్ అంటే చివరి రోజులకే కాదురా, నొప్పి ఉన్నప్పుడే తీసుకెళ్లు" అని నన్ను తిట్టి పంపిన ఫ్రెండ్‌కి ఏం చెప్పినా తక్కువే. వాళ్లమ్మకి ఆలస్యమైపోయింది.

డాక్టరమ్మా, నాన్న ఒకటి కనుక్కోమన్నాడు: బత్తాయి తోట దాకా బండి వెనక కూర్చుని పోవచ్చా అని.