నాన్నగారి కారు, ఇప్పటి పెట్రోలు

రాజమహేంద్రవరం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ నాన్నగారు 2003లో కొన్న కారుకు, చెరకు, ధాన్యాల నుంచి తీసే ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిపిన ఇప్పటి పెట్రోలు పడదని ఎవరో చెప్పగా, దాన్ని అమ్మేద్దామనుకుంటున్నానని రాశావు. ఆ మాట చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. నీ పెళ్లి శుభలేఖలు పంచడానికి మనిద్దరం ఊరూరా తిరిగింది ఆ కారులోనే కదా! తొందరపడకు. ఈ ఏడాది నా పాత బండి నాకు నేర్పిన పాఠం ముందు చెబుతాను, ఆ తర్వాత నిర్ణయం నీది.

వానాకాలంలో మా అమ్మాయి పురిటికని రెండు నెలలు విశాఖపట్నంలో ఉండిపోయాం. బండి మా వసారాలో, సగం ట్యాంకు పెట్రోలుతో, అలాగే నిలబడి ఉంది. అది 2004 నాటి బండి, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్ ఉన్న రకం అని నీకు తెలుసు. తిరిగివచ్చి చోక్ లాగి ఎన్నిసార్లు కిక్కు కొట్టినా స్టార్ట్ కాలేదు. తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకువెళితే, ఆయన కార్బురేటర్ కింది గిన్నె విప్పి నా అరచేతిలో పెట్టాడు. పైన పలచగా పెట్రోలు, దాని అడుగున మసకబారిన నీళ్లలాంటి వేరే పొర, గిన్నె గోడలకు ఉప్పు పేరినట్టు తెల్లటి పొడి. పెట్రోలు చిమ్మే సన్నటి జెట్ రంధ్రం పూర్తిగా మూసుకుపోయింది. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు ఉబ్బి, గోటితో నొక్కితే నొక్కిన చోటే గుంట పడి ఉండిపోయింది.

నా సందేహం చూసి ఆయన ఒక పరీక్ష చేసి చూపించాడు. గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, దానిమీద బంకు నుంచి అప్పుడే తెచ్చిన పెట్రోలు 90 మిల్లీలీటర్లు పోసి, బాగా కుదిపి నిలబెట్టాడు. కాసేపటికి పొరలు తేరుకుని చూస్తే, 10 దగ్గర ఉండవలసిన నీటి పొర 28 గీత దగ్గరకు వచ్చింది. ఇథనాల్‌కు పెట్రోలుతో కన్నా నీటితో చెలిమి ఎక్కువ కాబట్టి, పెట్రోలును వదిలేసి నీళ్లలోకి దిగిపోయింది. నా ట్యాంకులోనూ రెండు నెలలు జరిగింది అదే. మన గోదావరి గాలిలో వానాకాలపు తేమ ఎంతో నీకు తెలియనిదా? ఆ తేమను ఇథనాల్ కొంచెం కొంచెంగా పీల్చుకుని, ఒక మోతాదు దాటాక నీటితో కలిసి అడుగుకు చేరింది. ఇంజనుకు పెట్రోలు అందేది అడుగు నుంచే కదా!

మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. అంతకు ముందు, 2022 నాటికే, 10 శాతం కలపడం పూర్తయింది. 20 శాతానికి మొదట 2030ని గడువుగా పెట్టుకుని, తర్వాత 2025కు ముందుకు జరిపారు. కంపెనీలు ఈ ఇంధనానికి తట్టుకునే రబ్బరు, లోహాలతో బండ్లు చేయడం మాత్రం 2023 ఏప్రిల్ నుంచే. అంటే మీ కారూ, నా బండీ, ఇప్పుడు రోడ్డుమీద తిరుగుతున్న కోట్ల పాత బండ్లూ ఈ పెట్రోలును ఊహించి చేసినవి కావు.

మైలేజీ సంగతి అడిగావు. లీటరు పెట్రోలు మండితే వచ్చే వేడిలో లీటరు ఇథనాల్ ఇచ్చేది మూడింట రెండు వంతులు మాత్రమే. నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన నివేదికలోనే, పాత రకం కార్లకు 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం మైలేజీ తగ్గవచ్చని రాశారు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే మీ కారు 14 ఇస్తుందన్నమాట. కాబట్టి ఎవరైనా సగానికి సగం పడిపోయిందని చెబితే, ఇంకేదో లోపం ఉందేమో చూసుకోవాలి.

నా బండికీ మీ కారుకూ ఒక పెద్ద తేడా ఉంది. పెట్రోలు మండడానికి తన బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. మీ కారులో కంప్యూటర్ చెప్పినంత పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ ఉంది. పొగగొట్టంలోని సెన్సర్ ఆక్సిజన్‌ను కొలిచి చెబుతుంటే, కంప్యూటర్ ఆ మేరకు ఇంధనం పెంచుకుంటుంది. నా కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. జెట్ రంధ్రం ఎంతో పోసేదీ అంతే, గాలి ఎక్కువైపోయి ఇంజను వేడెక్కుతుంది, ఉదయాన మొరాయిస్తుంది. అందుకే ఈ విషయంలో నీ కష్టం నా కష్టమంత కాదు. నీకు భయపడవలసింది రబ్బరు పైపులు, వాషర్లు, పాత ట్యాంకులో తుప్పు. ఇథనాల్ ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డినంతా కడిగి తెచ్చి ఫిల్టరులో పోస్తుంది.

అయితే కంప్యూటర్ సర్దుబాటుకూ హద్దు ఉంటుంది. డాలస్‌లో ఉన్న మా బావమరిది ధర తక్కువని చూసి, తన మామూలు కారులో ఇ85 పోయించుకున్నాడు. అందులో 51 నుంచి 83 శాతం వరకు ఇథనాలే ఉంటుంది. ఇంటికి చేరేలోపే కారు కుదుపులు మొదలుపెట్టి, ఇంజను దీపం వెలిగింది. ఇంజెక్టర్లు ఎంత తెరుచుకున్నా అంత ఇంధనం అందించలేకపోయాయి. మామూలు పెట్రోలు కలుపుతూ నాలుగైదుసార్లు నింపాక కుదుటపడింది. ఆ ఇంధనం దానికని చేసిన కార్లకే. అక్కడ కనీసం అలాంటి పంపుమీద రాసి ఉంటుంది. 15 శాతం రకం కూడా 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకే గాని, మోటారు సైకిళ్లకు పోయకూడదని స్పష్టంగా చెబుతారు.

నా బాధ అక్కడే ఉంది. చెరకు, మొక్కజొన్న, వరి పండించే రైతుకు డబ్బు రావాలన్నా, ముడిచమురు దిగుమతి తగ్గాలన్నా నేను కాదనేవాణ్ణి కాను. కానీ పాత బండ్ల కోసం 10 శాతం రకాన్ని కూడా అందుబాటులో ఉంచాలనీ, వేడి తగ్గినందుకు ధర కూడా తగ్గాలనీ ఆ 2021 నివేదికే చెప్పింది. మా బంకులో ఈ రెండూ జరగలేదు. ఇథనాల్ సేకరణ ధరే పెరిగిందని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ వివరణ ఇచ్చింది. పాత బండ్లలో 20, 30 వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు మార్చవలసి రావచ్చని, అవి ఖరీదైనవి కావని కూడా అదే నెలలో చెప్పింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా ఇవ్వాలన్న పిటిషన్‌ను ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక మన బండ్లను మనమే కాపాడుకోవాలి.

కారు అమ్మకు. హైదరాబాదులో సెల్లారులో నెలల తరబడి నిలబెట్టడమే దానికి అన్నిటికన్నా పెద్ద చేటు. వారానికొకసారైనా ఇరవై కిలోమీటర్లు నడుపు. మూడు వారాలకు మించి వాడవనుకుంటే ట్యాంకులో తక్కువ ఉంచు. పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్పించు, వాషర్లు కూడా. మెకానిక్ "చూద్దాంలెండి" అన్నా వదలకు. ఫిల్టరు ఇప్పుడొకసారి, మరో రెండు వేల కిలోమీటర్లకు ఇంకొకసారి మార్చు. ఆ రెండోసారిదే అసలైనది, ఎందుకంటే మడ్డి అంతా అప్పటికి వచ్చి చేరుతుంది.

సంక్రాంతికి ఆ కారులోనే రా. మా మెకానిక్‌తో మాట్లాడి ఉంచాను. నా బండికి వేసిన రకం పైపునే నీకోసం నాలుగు మీటర్లు తెప్పించి పక్కన పెట్టాడు.

నీ మిత్రుడు