‘వయసైపోయింది కదండీ’ అనే మాట వెనుక దాగే జబ్బులు

సంపాదకులకు నమస్కారం.

పదేళ్లు దాటిన పెంపుడు కుక్క తిండి మానేసిందని ఆసుపత్రికి తీసుకొచ్చేవాళ్లు చాలామంది, మేము అడగకముందే జవాబు కూడా చెప్పేస్తారు: ‘వయసైపోయింది కదండీ, అందుకే తినట్లేదు’. ఎప్పటినుంచి అని అడిగితే రెండు నెలలనో మూడు నెలలనో తేలుతుంది. ఆ రెండు మూడు నెలలే వైద్యం బాగా పనిచేసే కాలం. ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

వయసు ఆకలిని కొంత తగ్గించే మాట నిజమే. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకు ఏడెనిమిదేళ్లకే, పామరేనియన్ లాంటి చిన్న జాతులకు పదేళ్లు దాటాక ముసలితనం మొదలవుతుంది. పరుగు తగ్గుతుంది, కండ తగ్గుతుంది, దాంతో తిండి అవసరమూ తగ్గుతుంది. కానీ ఇది ఏళ్ల మీద మెల్లగా జరుగుతుంది, బరువు పెద్దగా మారదు. నిన్నటిదాకా గిన్నె నాకి శుభ్రం చేసిన కుక్క ఈ వారం సగం వదిలేస్తోందంటే అది వయసు పని కాదు. కారణం వెతకాలి.

ముందుగా ‘తినట్లేదు’ అనే మాటను విడదీయాలి. అందులో మూడు వేర్వేరు సంగతులు ఉన్నాయి. ఒకటి, తినాలనే లేదు: గిన్నె పెట్టిన చప్పుడుకు తల కూడా ఎత్తదు. రెండు, తినాలని ఉంది, తినలేకపోతోంది: పరుగున వస్తుంది, నోట్లో పెట్టుకుంటుంది, జారవిడుస్తుంది. మూడు, వస్తుంది, వాసన చూస్తుంది, మూతి నాక్కుంటూ వెనక్కి తిరిగిపోతుంది. మొదటిది జ్వరం, నొప్పి, నీరసం వైపు చూపిస్తుంది. రెండోది నోటి వైపు. మూడోది వికారం, అంటే కడుపు, కిడ్నీ, లివర్ వైపు. గిన్నె పెట్టి పక్కకు వెళ్లిపోకుండా పది నిమిషాలు నిలబడి చూస్తే సగం రోగనిర్ధారణ ఇంట్లోనే అయిపోతుంది. ఫోన్‌లో వీడియో తీసి తెస్తే ఇంకా మంచిది, ఎందుకంటే ఆసుపత్రి బల్ల మీద ఏ కుక్కా ఇంట్లో తిన్నట్టు తినదు.

నోటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది వదిలేసేది అదే కాబట్టి. కుక్కకు 42 పళ్లు. వాటి మీద గార పట్టి, చిగురు కిందికి దిగి, వేరు చుట్టూ ఎముకను తినేస్తుంది. అంత నొప్పిలోనూ కుక్క మూలగదు. ఒక పక్కనే నములుతుంది, తల వంచి నములుతుంది, డ్రై ఫుడ్ వదిలేసి మెత్తటిదే తింటుంది, లేదా నమలకుండా మింగేస్తుంది. మింగేస్తోంది కాబట్టి పళ్లు బాగున్నాయని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. పై దవడలో ఒక్కో పక్క అన్నింటికన్నా పెద్దగా ఉండే నమిలే పన్నుకు వేర్లు కంటి కిందిదాకా వెళ్తాయి. అది విరిగినా, దానికి చీము పట్టినా కంటి కింద వాపు వస్తుంది. పురుగు కుట్టిందనుకుని కంటి చుక్కలు వేస్తూ వారాలు గడుపుతారు. మత్తు ఇవ్వకుండా గార గీకించడం వల్ల పళ్లు తెల్లబడతాయే గాని, జబ్బు ఉన్నది చిగురు కింద, అక్కడికి ఆ పరికరం చేరదు. ‘ఈ వయసులో మత్తు తట్టుకుంటుందా’ అనే భయం న్యాయమైనదే. దానికి జవాబు ముందుగా చేయించే రక్తపరీక్ష, గుండె పరీక్ష. కుక్క వయసు అంకె ఒక్కటే చూసి వద్దనుకోకూడదు. కుళ్లిన పళ్లు తీసేశాక వారం పది రోజుల్లో మళ్లీ గిన్నె దగ్గరికి పరుగెత్తే ముసలి కుక్కలు చాలా ఉన్నాయి.

ఇక వికారం. చొంగ కార్చడం, ఊరికే గుటకలు మింగడం, మూతి నాక్కోవడం, గడ్డి కోసం వెతకడం దీని గుర్తులు. ఇంట్లో ప్రేమ కొద్దీ చేసే పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది. తినట్లేదని చికెన్ పెడతారు, అది కాదంటే గుడ్డు, అదీ కాదంటే సిరంజితో నోట్లోకి పోస్తారు. కడుపులో తిప్పుతున్నప్పుడు నోట్లో పడిన ప్రతి పదార్థాన్నీ కుక్క ఆ బాధతో జతచేసి గుర్తుపెట్టుకుంటుంది. జబ్బు తగ్గాక కూడా ఆ చికెన్ వాసనకు మొహం తిప్పుకుంటుంది. ముందు వికారం తగ్గించే మందు పడాలి, తర్వాతే తిండి. ఇరవై నిమిషాల్లో ముట్టకపోతే గిన్నె తీసేయండి, మూతి ముందు పెట్టి బతిమాలకండి. మాత్ర పొడి చేసి అన్నంలో కలపడమూ అలాంటిదే. చేదు ఒక్కసారి తగిలితే గిన్నె మొత్తాన్నీ అనుమానిస్తుంది. మాత్రను నాలుక వెనుక వేసి, గొంతు నిమిరి, తర్వాత నాలుగు చెంచాల నీళ్లు మెల్లగా పట్టించండి. లేదా అన్నంతో సంబంధం లేని ఒక చిన్న ముద్దలో పెట్టండి.

వికారం వెనుక ముసలి కుక్కల్లో తరచుగా కనిపించేది కిడ్నీ జబ్బు. కిడ్నీల పనితనంలో దాదాపు నాలుగింట మూడు వంతులు పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం) పెరగకపోవచ్చు. పైగా క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది. కండ కరిగి బక్కచిక్కిన కుక్కలో ఆ అంకె మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. అందుకే రక్తంతో పాటు మూత్రం చిక్కదనం, మూత్రంలో ప్రొటీన్ కూడా చూడమని అడగండి. కిడ్నీ జబ్బు తేలితే ఫాస్ఫరస్ తక్కువ ఉండే ప్రత్యేక ఆహారం రాస్తారు. దాన్ని పాత తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ ఏడు నుంచి పది రోజుల్లో మార్చాలి, అదీ వికారం తగ్గాకే. తినని కిడ్నీ ఆహారం కన్నా తినే మామూలు ఆహారం మేలు.

మన ప్రాంతంలో ఇంకో రెండింటిని ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. పిడుదుల వల్ల వచ్చే జ్వరం: తిండి మానడం, చిగుళ్లు పాలిపోవడం, ఒక్కోసారి ముక్కునుంచి రక్తం. ఒంటి మీద ఈరోజు పిడుదు కనబడకపోయినా ఇది రావచ్చు. ముక్కు తడిగా ఉంది కాబట్టి జ్వరం లేదనుకోకండి, ముక్కు థర్మామీటర్ కాదు. మలద్వారంలో చూసినప్పుడు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ కుక్కకు మామూలు వేడి. రెండోది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో గర్భసంచికి చీము పట్టడం. ఎదకు వచ్చి వెళ్లిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో తిండి మానేసి, నీళ్లు విపరీతంగా తాగుతూ, వాంతులు చేసుకుంటుంటే ఆ రోజే తీసుకెళ్లాలి. కింద స్రావం కనబడితేనే చీము అనుకోవద్దు. గర్భసంచి మూతి మూసుకుని, బయటికి చుక్క కూడా రానిదే ఎక్కువ ప్రమాదం.

తక్కువ తింటే కంగారుపడతాం, ఎక్కువ తింటే సంతోషిస్తాం. ఈ సంతోషమే చాలాసార్లు ఆలస్యానికి కారణం. బాగా తింటూ చిక్కిపోతుంటే షుగర్ జబ్బును అనుమానించాలి. ఎప్పుడూ ఆకలి, ఎప్పుడూ దాహం, కుండలా వేలాడే పొట్ట, రెండు పక్కలా జుట్టు రాలడం, నీడలో పడుకున్నా రొప్పడం కలిసి కనిపిస్తే అది కుషింగ్స్ జబ్బు, అంటే ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ హార్మోన్ మితిమీరడం, కావచ్చు. దురదకు వాడే స్టెరాయిడ్ మాత్రలు కూడా ఇలాగే ఆకలి పుట్టిస్తాయి. మందు పనిచేసి కుక్క కోలుకుందని మురిసిపోయి అన్నం పెంచకండి, అలాగని మాత్రలు ఒక్కసారిగా ఆపకండి. తిన్న పది నిమిషాలకే మళ్లీ గిన్నె దగ్గర నిలబడి, రాత్రుళ్లు దిక్కుతోచనట్టు తిరుగుతూ, గోడ మూలల్లో ఆగిపోతుంటే అది మెదడు ముసలితనం. తిన్న సంగతే దానికి గుర్తులేదు. కసరవద్దు. రోజు మొత్తం తిండిని నాలుగు భాగాలు చేసి, ఒకే చోట, ఒకే వేళకు పెట్టండి.

పెరుగన్నం గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తికాదు. ముసలి కుక్కకు మాంసం అరగదు, ప్రొటీన్ కిడ్నీలను పాడుచేస్తుంది అంటూ గుడ్డు, మాంసం మాన్పించి పెరుగన్నానికి మార్చే ఇళ్లు ఎన్నో. లెక్క చూడండి. కుక్క బరువును 30తో హెచ్చించి 70 కలిపితే, కదలకుండా ఉన్నప్పుడు కావలసిన కేలరీలు సుమారుగా వస్తాయి. పది కిలోల కుక్కకు 370. ఇంట్లో మెల్లగా తిరిగే ముసలిదానికి దాని మీద 20 నుంచి 40 శాతం కలిపితే 450 నుంచి 520. 300 గ్రాముల ఉడికిన అన్నం, 180 గ్రాముల పెరుగు పెడితే ఈ 500 కేలరీలు వచ్చేస్తాయి, కడుపూ నిండుతుంది. కానీ ప్రొటీన్ 14 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. అమెరికా దాణా ప్రమాణాలు ఎదిగిన కుక్కకు పెట్టిన కనీసపు హద్దు ప్రకారం 500 కేలరీలకు 22 గ్రాములు దాటాలి. ముసలి కుక్కకు కండ నిలవాలంటే అంతకన్నా ఎక్కువే కావాలి. నెలల తరబడి పెరుగన్నం తిన్న కుక్క వీపు మీద చెయ్యి వేస్తే వెన్నెముక గుబ్బలు తగులుతాయి. వెనుక కాళ్లు సన్నబడి లేవలేకపోతే అప్పుడు ఎముకల మందులు మొదలవుతాయి.

అదే 500 కేలరీలను 150 గ్రాముల అన్నం, చర్మం తీసి ఉడికించిన 100 గ్రాముల చికెన్, ఒక ఉడికిన గుడ్డు, కొంచెం గుమ్మడి లేదా క్యారెట్, ఒక చెంచా నూనెతో ఇస్తే ప్రొటీన్ 40 గ్రాములు దాటుతుంది. కిడ్నీ, లివర్ బాగున్న కుక్కకు కొద్ది రోజులు ఇది సరిపోతుంది. ఇదే శాశ్వతం చేయాలంటే మాత్రం కాల్షియం, విటమిన్లు ఎంత కలపాలో డాక్టర్ చేత లెక్క వేయించుకోవాలి, ఎందుకంటే అన్నం-మాంసంలో కాల్షియం దాదాపు లేనట్టే. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముక్కలు, ద్రాక్ష, కిస్‌మిస్ ఎప్పుడూ వద్దు. కనుమ రోజు మిగిలిన కొవ్వు, చర్మం, మసాలా మాంసం ముసలి కుక్క క్లోమానికి వాపు తెచ్చి రెండు రోజుల్లో ప్రాణం మీదికి తేగలదు. ఉడికిన ఎముకలు పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

కొన్నిసార్లు కారణం గిన్నె దగ్గరే ఉంటుంది. నున్నటి టైల్స్ మీద వెనుక కాళ్లు జారుతుంటే కీళ్లనొప్పుల కుక్క నిలబడలేక సగంలో వెళ్లిపోతుంది. గిన్నె కింద, కుక్క నిలబడేంత మేర రబ్బరు మ్యాట్ పరవండి. మెడ వంచలేకపోతే గిన్నెను ముందుకాళ్ల మోచేతి ఎత్తుకు లేపండి. గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ గల పెద్ద జాతులకు మాత్రం డాక్టర్‌ని అడిగాకే లేపండి, ఎత్తు గిన్నెకూ కడుపు మెలితిరగడానికీ సంబంధం ఉందని 2000లో వెలువడిన ఒక అమెరికా పరిశీలన చూపింది. వాసన పసిగట్టడం మందగించిన కుక్కకు ఫ్రిజ్‌లోంచి తీసిన తిండి తిండిలాగే అనిపించదు. వేడినీళ్లు కలిపి గోరువెచ్చగా చేసి, మణికట్టు మీద వేసి చూసుకుని పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరుకు ముందు, రాత్రి ఎనిమిది తర్వాత పెట్టండి. అప్పుడు కూడా తినకపోతే ఎండ మీద నెపం వేయకండి.

మెడికల్ షాపులో లివర్ టానిక్ కొనుక్కుని నెల రోజులు పట్టించే అలవాటు గురించి గట్టిగానే చెప్పాలి. అది చీము పట్టిన పన్నును బాగుచేయదు, కిడ్నీని బాగుచేయదు. కాలాన్ని మాత్రం తినేస్తుంది. అంతకన్నా ప్రమాదం మన ఇళ్లలో ఉండే నొప్పి మాత్రలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. డాక్టర్ చెప్పకుండా పారాసిటమాల్ కూడా వేయకండి.

ఎప్పుడు కదలాలి? ముసలి కుక్క 24 గంటలు ఏమీ ముట్టకపోతే ఆ మర్నాడే. వాంతులు, నీరసం, పాలిపోయిన చిగుళ్లు తోడైతే అప్పటికప్పుడే. పొట్ట ఉబ్బి, కక్కడానికి ప్రయత్నిస్తూ ఏమీ బయటికి రాకపోతే అర్ధరాత్రైనా సరే, అక్కడ గంటలే లెక్క. ఇన్సులిన్ మీద ఉన్న కుక్క తినకపోతే మామూలు మోతాదు పొడిచేయకండి, ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి.

కాస్త తక్కువ తింటోంది, అంతే అనిపిస్తే ఇంట్లోనే రెండు కొలతలు రాసిపెట్టండి. బరువు: కుక్కను ఎత్తుకుని ఒకసారి, ఒంటరిగా ఒకసారి తూకం ఎక్కి తేడా చూడండి, రెండు వారాలకోసారి, అదే మిషన్ మీద. పది కిలోల కుక్క నెలలో అరకిలో తగ్గితే అది చిన్న విషయం కాదు. బరువు నిలకడగా ఉన్నా వెన్నెముక తేలి పొట్ట పెరుగుతుంటే కడుపులో నీరు చేరిందేమో చూపించాలి. నీళ్లు: పొద్దున కొలిచి పోసి, మర్నాడు పొద్దున మిగిలింది తీసేయండి, మూడు రోజులు. కిలో బరువుకు 50, 60 మిల్లీలీటర్లు మామూలు. వంద దాటితే పరీక్ష తప్పదు.

తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రులు దగ్గరలో ఉన్నవారు అక్కడా చూపించుకోవచ్చు. ఎక్కడికి వెళ్లినా ఉదయం మొదటి మూత్రం పట్టుకెళ్లండి. పొడవు కాడ ఉన్న శుభ్రమైన గరిటెను, అది మూత్రం మొదలుపెట్టాక వెనుక నుంచి మెల్లగా కిందికి జరిపితే చాలు. రెండు చెంచాలైనా సరిపోతుంది. సీసాలో పోసి రెండు గంటల్లోపు చేర్చండి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టి తీసుకెళ్లండి. వాడుతున్న మందుల అట్టలు, టానిక్ సీసాలతో సహా, అన్నీ వెంట తీసుకెళ్లండి.

– పెంపుడు జంతువులకు వైద్యం చేసే పశువైద్యులం,
విజయవాడ