ఆ ఎంఆర్‌ఐని సోమవారానికి వాయిదా వేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

క్యాన్సర్ వెన్నెముకకు పాకి వెన్నుపామును నొక్కేసినవారికి, రేడియేషన్ అయ్యాక కాళ్ల వ్యాయామాలు చేయించడం నా పని. ఇంటివాళ్లు అడిగేది ఒక్కటే: "మళ్లీ నడుస్తారా అండీ?" ఆ జవాబు చాలావరకు రేడియేషన్ మొదలయ్యేనాటికే ఖరారై ఉంటుంది. ఒకరి చేయి పట్టుకునైనా నడిచి వచ్చినవారిలో ఎక్కువమందికి నడక నిలుస్తుంది. రెండు కాళ్లూ పూర్తిగా చచ్చుబడ్డాక వచ్చినవారిలో తిరిగి లేచేది కొద్దిమందే. బలహీనత రెండు వారాలకు పైగా మెల్లగా వచ్చిందా, రెండు మూడు రోజుల్లోనే ముంచుకొచ్చిందా అన్నదీ చూడాలి. మైలోమా, లింఫోమా వంటి రక్త సంబంధ క్యాన్సర్లు రేడియేషన్‌కు బాగా లొంగుతాయి, ఊపిరితిత్తుల క్యాన్సర్ అంతగా లొంగదు. వీటిలో మన చేతిలో ఉన్నది త్వరగా తీసుకురావడమే.

అక్కడే దెబ్బతింటున్నాం. రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్న ఒక పెద్దావిడ వారాల తరబడి వెన్నునొప్పికి బామ్ రాసుకుంటూ గడిపారు. పడుకుంటే ఎక్కువయ్యే నొప్పి అది. ఒకరోజు కాలి చెప్పు జారి వెనకే ఉండిపోయినా ఆవిడకు తెలియలేదు, కోడలు చూసి చెప్పింది. ఆసుపత్రికి పరుగెత్తితే, శనివారం కాబట్టి ఎంఆర్‌ఐకి సోమవారం రమ్మన్నారు. సోమవారం స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. ఇలాంటి లక్షణాలుంటే 24 గంటల్లో ఎంఆర్‌ఐ తీయాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

శ్రీకాకుళం పల్లెల నుంచి, పాడేరు ఘాట్ దిగి విశాఖ వచ్చేవారి సంగతి మరీ కష్టం. రేడియేషన్ అంటే వారాల బస అని భయపడి ఆగిపోయేవారూ ఉన్నారు. బ్రిటన్, ఆస్ట్రేలియాలలో జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే విడతలో 8 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) తీసుకున్నవారిలో 69 శాతం, ఐదు విడతల్లో 20 గ్రే తీసుకున్నవారిలో 73 శాతం ఎనిమిది వారాల తర్వాత నడవగలిగారు. ఒక్క విడత అందరికీ సరిపోతుందని కాదు, అది డాక్టరు తేల్చాలి. కానీ ఆ అవకాశం ఉందని ముందే చెబితే ఎందరో ధైర్యంగా బయలుదేరుతారు.

క్యాన్సర్ రోగి డిశ్చార్జి కాగితం మీద నాలుగు తెలుగు వాక్యాలు అచ్చు వేయడానికి ఎంత ఖర్చవుతుంది? తగ్గని వెన్నునొప్పి, కాళ్ల తిమ్మిరి, తూలిపోవడం, మూత్రం బిగుసుకుపోవడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు రావాలని రాస్తే చాలు. ఆశా కార్యకర్తలకూ ఇదే నేర్పాలి. ఇక ఆదివారాల్లో నగరంలో ఏ ఎంఆర్‌ఐ కేంద్రం ఈ రోగుల కోసం తెరిచి ఉంటుందో జిల్లా వైద్యాధికారులు నిర్ణయించి, 108 సిబ్బందికి తెలియజేయాలి.

— ఒక ఫిజియోథెరపిస్టు, గాజువాక, విశాఖపట్నం