పరిష్కరించకుండానే మూసేసిన ఫిర్యాదు గురించి

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా నుండి.

అయ్యా,

తొమ్మిదేళ్ళుగా ఒక్క వాయిదా కూడా తప్పకుండా చందా కట్టి మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేరును వాడుతున్న వాడిని. పర్లాకిమిడిలోనూ, సరిహద్దు దాటగానే వచ్చే పాతపట్నంలోనూ కలిపి 14 కొట్లకు బిల్లుల ప్రోగ్రాములు రాసి ఇవ్వడం నా జీవనాధారం. వాటన్నిటికీ పునాది మీ జనరేటరు, అంటే కోడును తానే రాసిపెట్టే మీ ప్రోగ్రాము, జావా భాషలో తయారుచేసే ఫైళ్ళే. జావా 8 మీద నడిచే పాత వెర్షనుకు ఇక లైసెన్సు ఇవ్వబోమని మీరు హెచ్చరిస్తే, మీ మాట మీద గౌరవంతో జావా 17కు మారాను. ఆ సాయంత్రం నుండి మీ ఫైళ్ళు కంపైలు కావడం లేదు, అంటే కంప్యూటరు నడపగలిగే రూపంలోకి మారడం లేదు. అయినా ఈ ఉత్తరం అందుకోసం రాస్తున్నది కాదు. కోడు అన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది, కూర్చుని దిద్దుకుంటాం. 41 రోజులుగా మీ కార్యాలయంలో ఒక్క మనిషి కూడా నేను పంపిన ఎర్రర్ సందేశాన్ని చదవకపోవడమే నా ఫిర్యాదు.

అందులో చదవడానికి పెద్దగా ఏమీ లేదు కూడా. మీ ఫైళ్ళు ఎక్స్‌ఎంఎల్ సమాచారం చదవడానికి, రాయడానికి వాడుకునే జాక్స్‌బి (JAXB) ప్యాకేజీని జావా 9 నాటికే తొలగింపు జాబితాలో చేర్చి, 2018లో వచ్చిన జావా 11లో పూర్తిగా తీసేశారు. దానిని విడిగా తెచ్చి కలుపుకోవచ్చు, నేను కలుపుకున్నాను. రెండోది, జావాను మొదట తయారుచేసిన సన్ కంపెనీ వారి అంతర్గత బేస్64 ఎన్‌కోడరు, అంటే సమాచారాన్ని మామూలు అక్షరాల రూపంలోకి మార్చే కోడు. అది 2017లో జావా 9తోనే పోయింది. దాని బదులు వాడవలసిన క్లాసు జావా 8లోనే ఉంది. ఇది అంతర్గతమైనదనీ, రాబోయే వెర్షన్లలో తొలగించవచ్చుననీ పాత కంపైలరు మీ ఫైళ్ళను చూసిన ప్రతిసారీ హెచ్చరిస్తూనే వచ్చింది. ఆ ఎన్‌కోడరును వాడే కోడు వరుసను నేను చేత్తో దిద్దుతాను. మళ్ళీ జనరేటరు నడపగానే పాత వరుసే తిరిగి వచ్చి కూర్చుంటుంది. మీ దగ్గర ఎవరైనా ఒక పూట కూర్చుంటే తేలిపోయే పని ఇది.

మొదటి రోజు ఫోను ఎత్తినాయన కంప్యూటరును ఆపి మళ్ళీ వేయమన్నారు. వేశాను. కంప్యూటరు వెలిగింది, కోడు కంపైలు కాలేదు. ఇంటర్నెట్ వేగం ఎంత ఉందని అడిగారు. కంపైలు చేయడానికి ఇంటర్నెట్‌తో పని లేదని విన్నవించుకుంటే, అయినా ఒకసారి చూడమన్నారు.

రెండోసారి తెలుగు కోసం నొక్కవలసిన అంకె నొక్కాను. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా నా పిన్‌కోడు అడిగి, అది 76తో మొదలవుతున్నది కాబట్టి నేను ఒడిశా వాడిననీ, తెలుగు విభాగం ఆంధ్ర, తెలంగాణలకు మాత్రమేననీ చెప్పి ఒడియా విభాగానికి కలిపారు. నాకు ఒడియా బాగానే వచ్చు. అక్కడి ఆయన నా ఫైలు తెరిచి, బిల్లుల మీద తెలుగు అక్షరాలు చూసి, ఇది తెలుగు విభాగం చూడవలసిన సమస్య అని వెనక్కి పంపారు. 1936లో ఒడిశా వేరుపడినప్పుడు మా ఊరు ఎటు పోవాలన్న దాని మీద పెద్దలు చాలా వాదించుకున్నారని విన్నాను. ఆ సంగతి మీ కాల్ సెంటరులో ఇంకా తేలలేదని ఇప్పుడే తెలిసింది. ఆ ఒక్క మధ్యాహ్నం నన్ను అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పారు. నాలుగుసార్లూ సమస్యను మొదటి నుండి చెప్పించుకున్నారు.

ఆ తరువాత ఒక సీనియర్ గారు దొరికారు. జావా 8కి వెనక్కి వెళ్ళమని సలహా ఇచ్చారు. వెళ్తే లైసెన్సు పనిచేయదు కదా అంటే, లైసెన్సు తమ విభాగం కాదన్నారు. లైసెన్సు విభాగం వారేమో జావా 17కు మారమన్నారు. జాక్స్‌బిని నేనే కలుపుకున్నానని తెలియగానే సీనియర్ గారి గొంతు గట్టిపడింది: అనుమతి లేకుండా మార్పులు చేశాను గనుక నాకు సహాయం పొందే అర్హత లేదట. సహాయం చేయనివారు, చేసుకున్నవాడిని తప్పుపట్టడం నేను మొదటిసారి చూశాను.

ఇరవై ఆరో రోజున, నేను జవాబు ఇవ్వనందున ఫిర్యాదును పరిష్కరించినట్టుగా భావించి మూసివేస్తున్నామని మెయిలు వచ్చింది. అదే రోజు పొద్దున్న ఎర్రర్ సందేశాన్ని మూడోసారి పంపించి ఉన్నాను. పది నిమిషాల తరువాత, మీ సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని మరో మెయిలు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు మర్యాదగా జవాబు చెప్పింది కంపైలరు ఒక్కటే. అది తిట్టినా ఫైలు పేరు, లైను నంబరు చెప్పి మరీ తిడుతుంది.

ఈ ఊళ్ళో మీ పేరు తెలిసింది నా వల్ల. పాతపట్నంలో ఒక బియ్యం వ్యాపారి చవకైన మరో కంపెనీ వైపు మొగ్గితే, వద్దని పూచీపడి మీ దగ్గరకు తెచ్చింది నేను. ఇప్పుడు ఆయన చేత్తో బిల్లులు రాసుకుంటూ, నేను ఎదురుపడితే ఏమీ అనకుండా కార్బన్ కాగితం పైకెత్తి చూపిస్తున్నారు. ఆ చూపు ఖరీదు మీ వార్షిక చందాలో లెక్కకు రాదు.

కావున జనరేటరులో ఆ వరుసను సరిచేయించండి, లేదా ఈ ఏటి చందా వెనక్కి ఇవ్వండి, లేదా కనీసం ఫిర్యాదును తిరిగి తెరిచి, మూసింది ఎవరో రాతపూర్వకంగా తెలపండి. పదిహేను రోజుల్లో ఈ మూడింటిలో ఏదీ జరగకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న చోటనే దావా వేయవచ్చు. స్వయం ఉపాధితో బతికేవాడిని కాబట్టి నేను వ్యాపారినన్న అభ్యంతరం కూడా చెల్లదు. అప్పుడు మీ ప్రతినిధి మా జిల్లాకు రావలసి ఉంటుంది. ఏ భాషా విభాగం నుండి వస్తారో మీరే తేల్చుకోండి.

ఎర్రర్ సందేశాన్ని నాలుగోసారి జతచేస్తున్నాను. నాకు ఫోను చేసేవారు తెలుగులో మాట్లాడినా, ఒడియాలో మాట్లాడినా, హిందీలో మాట్లాడినా అభ్యంతరం లేదు. అందులోని లైను నంబరు చదివిన తరువాతనే చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తమ తొమ్మిదేళ్ళ చందాదారు