కన్నా, ‘మసక’ అని ఒక్క మాటతో సరిపెట్టకు

చిరంజీవి కన్నాకి అమ్మ ఆశీస్సులు.

సోమవారం నుంచి హెపటైటిస్ సి మందులు మొదలుపెడుతున్నావని కోడలు చెప్పింది. సోఫోస్‌బువిర్ 400, వెల్పటాస్‌విర్ 100 మిల్లీగ్రాములు కలిసిన బిళ్ళ రోజుకొకటి. దానికి తోడు రిబావిరిన్ 200 మిల్లీగ్రాముల క్యాప్సూళ్ళు పొద్దున టిఫిన్ తిన్నాక రెండు, రాత్రి అన్నం తిన్నాక మూడు. 75 కిలోల లోపు బరువున్నవాళ్ళకి వేసే లెక్క అది. 12 వారాలు వాడాలి. నీ వైరస్ జీనోటైప్ 3 అనే రకం, లివర్ గట్టిపడింది, వెనకటి ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్ల కోర్సు పనిచెయ్యలేదు. అందుకే రిబావిరిన్ కలిపారు, మంచి పనే చేశారు. నువ్వు ఫోన్లో అడిగింది మాత్రం లివర్ గురించి కాదు, కళ్ళ గురించి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు నాయనా. ఈ కాగితాలు మందుల డబ్బాలోనే పెట్టుకో.

ముందు నీ భయం సంగతి. నువ్వు చదివి బెంబేలెత్తిన విషయాల్లో చాలావరకు ఇంటర్‌ఫెరాన్ కాలానివి. వారానికో ఇంజక్షన్ చొప్పున 24 వారాలో 48 వారాలో వేసేవాళ్ళు కదా, ఆ మందుతో రెటీనాలో, అంటే కంటి వెనకున్న పొరలో, సన్నటి రక్తనాళాలు అక్కడక్కడ మూసుకుపోయేవి. అలా మూసుకుపోయిన చోట నరాల పొర ఉబ్బి దూదిపింజల్లాంటి తెల్లమచ్చలు కనిపించేవి, పక్కనే చిన్నచిన్న రక్తపు చుక్కలు. వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి మొదటి మూడు నెలల్లోనే వచ్చేవి. చూపుకి ఏమీ తెలిసేది కాదు, ఇంజక్షన్లు ఆపాక వాటంతటవే మానిపోయేవి. షుగర్, బీపీ ఉన్నవాళ్ళలో మాత్రం ఎక్కువగా కనబడేవి. బహు కొద్దిమందికి రెటీనా రక్తనాళం పూర్తిగా మూసుకుపోవడం, కంటినరం దెబ్బతినడం జరిగి చూపు పోయేది. ఇంజక్షన్ మొదలుపెట్టే ముందు అందరికీ కంటి పరీక్ష చెయ్యాలన్న నియమం అందుకే పెట్టారు. ఇప్పుడు నీ మందుల్లో ఇంటర్‌ఫెరాన్ లేదు. ఆ గండం చాలావరకు తప్పినట్టే.

అలాగని కళ్ళని పట్టించుకోకుండా వదిలెయ్యడానికి లేదు. రిబావిరిన్ ఉంది, నీకు షుగర్ ఉంది, పైగా హెపటైటిస్ సి వైరస్‌కి కన్నీటి గ్రంథుల్ని, లాలాజల గ్రంథుల్ని ఎండగట్టే గుణం ఉంది. ఈ మూడూ చూపుని మూడు రకాలుగా ఇబ్బంది పెడతాయి. మనవాళ్ళు డాక్టరు ముందు కూర్చుని అన్నిటికీ కలిపి ‘కళ్ళు మసగ్గా ఉన్నాయి’ అంటారు. ఆ ఒక్క మాటతో డాక్టరుకి ఏదీ తేలదు. ఏ కన్ను, ఎప్పుడు, ఎంతసేపు, ఏం చేస్తే తగ్గింది, ఈ నాలుగూ చెప్పు.

చూపు తేడాగా అనిపించగానే ఇంట్లోనే మూడు పనులు చెయ్యి. రెండు నిమిషాలు పడుతుంది. మొదటిది, గట్టిగా నాలుగైదుసార్లు రెప్పలు కొట్టు. రెప్ప కొట్టగానే తేటపడి, మళ్ళీ కాసేపటికి మసకబారితే అది పొడిదనం. రెండోది, ఒక విజిటింగ్ కార్డుకి మధ్యలో గుండుసూదితో కన్నం పొడిచి, ఒక కన్ను మూసుకుని, ఆ కన్నంలోంచి గోడమీది క్యాలెండర్ అంకెలు చూడు. కన్నంలోంచి తేటగా కనిపిస్తే దాదాపుగా అది పవర్ తేడా, అంటే షుగర్ అటూఇటూ అవుతోందని అనుమానించు. అందులోంచి చూసినా అంతే మసగ్గా ఉంటే, లేదా ఇంకా తగ్గితే, ఇబ్బంది కంటి లోపల ఉండొచ్చు. ఆ రోజే చూపించుకో. మూడోది అన్నిటికంటే ముఖ్యం, ప్రతిసారీ ఒక్కో కన్ను విడిగా మూసి చూడు. ఒక కంటి చూపు తగ్గినా రెండో కన్ను సర్దేస్తుంది, తెలియకుండానే రోజులు గడిచిపోతాయి.

ఇంకొకటి కూడా తయారుచేసుకో. తెల్లకాగితం మీద 10 సెంటీమీటర్ల చదరం గీసి, అర సెంటీమీటరుకి ఒకటి చొప్పున అడ్డం, నిలువు గీతలు గియ్యి. సరిగ్గా నడుమ నల్లచుక్క పెట్టు. చదువుకునే అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి, జానెడున్నర దూరంలో పట్టుకుని చుక్కనే చూడు. చుట్టూ గీతలు తిన్నగా కనబడాలి. వంకర పోయినా, ఎక్కడైనా గళ్ళు చెరిగిపోయినట్టున్నా రెటీనా నడిబొడ్డున తేడా ఉందని అర్థం. ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంటే రోజూ గుర్తుంటుంది.

ఇక షుగర్. నువ్వు ఎక్కువ జాగ్రత్తపడాల్సింది ఇక్కడే కన్నా, అందరూ మర్చిపోయేది కూడా దీన్నే. వైరస్ రక్తంలో తగ్గేకొద్దీ ఇన్సులిన్ బాగా పనిచెయ్యడం మొదలవుతుంది. అంతవరకు సరిపోయిన షుగర్ బిళ్ళ గ్లిమిపిరైడే ఇప్పుడు ఎక్కువై షుగర్ మరీ పడిపోవచ్చు. ఉన్నట్టుండి చెమట, వణుకు, ఆకలి, దానితోపాటు చూపు మసక. వెంటనే వేలు గుచ్చి చూడు. 70కి లోపు ఉంటే అరగ్లాసు నీళ్ళలో మూడు టీస్పూన్ల పంచదార కలుపుకుని తాగు, 15 నిమిషాలకి మళ్ళీ చూడు, పెరక్కపోతే మళ్ళీ తాగు. చాక్లెట్ తినకు, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. మర్నాడే షుగర్ డాక్టరుకి చెప్పి బిళ్ళ మోతాదు తగ్గించుకో.

షుగర్ వల్లే వచ్చే రెండో రకం మసక నెమ్మదిగా వస్తుంది. కంట్లో లెన్సు చక్కెర ఎక్కువైనప్పుడు నీరు పీల్చి ఉబ్బుతుంది, తగ్గినప్పుడు మళ్ళీ సర్దుకుంటుంది. అది సర్దుకునే కొన్ని వారాలు పాత అద్దాలు కుదరవు, దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. ఆ మసకలో పరుగెత్తి కొత్త అద్దాలు చేయించుకోకు. నెల తిరిగేసరికి అవీ కుదరవు. షుగర్ నిలకడగా ఉండి నెలా నెలన్నర గడిచాకే పవర్ చూపించుకో. ఇంకో చిక్కుంది. రిబావిరిన్ ఎర్ర రక్తకణాల్ని ముందుగానే చితక్కొడుతుంది. కణాల వయసు తగ్గితే మూడు నెలల షుగర్ పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఈ 12 వారాలూ, ఆ తర్వాత కొన్నాళ్ళూ ఆ అంకె చూసి మురిసిపోకు. రోజూ వేలు గుచ్చి చూసిన అంకెలే లెక్క.

‘కళ్ళు తిరుగుతున్నాయి’ అని నువ్వు అనబోయేది దాదాపు ఖాయం. లేచి నిలబడగానే చీకట్లు కమ్మడం, మెట్లెక్కితే కళ్ళు బైర్లు కమ్మడం కంటి జబ్బు కాదు, రక్తం తగ్గడం. రిబావిరిన్‌తో మొదటి నెలలో హిమోగ్లోబిన్ రెండు మూడు గ్రాములు పడిపోవడం మామూలే. రెండో వారం, నాలుగో వారం రక్తపరీక్ష తప్పనిసరిగా చేయించు. 10 కంటే తగ్గితే డాక్టరు రిబావిరిన్ మోతాదు తగ్గిస్తారు. ఇనుము బిళ్ళలు నీ అంతట నువ్వు వేసుకోకు. తగ్గింది ఇనుము లేక కాదు, కణాలు చితికి. మంచం మీంచి దిగేముందు ఒక నిమిషం కూర్చుని లే.

ఆ చితికిన కణాల వల్లే కళ్ళు కొంచెం పచ్చబడొచ్చు. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, పై రెప్ప ఎత్తి కిందికి చూస్తూ కోడలిని చూడమను. రాత్రి లైట్ల కింద పచ్చదనం సరిగా తేలదు. పచ్చదనం అనిపిస్తే రక్తంలో బిలిరుబిన్ అనే పచ్చరంగు పదార్థం పరీక్షలో డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ రెండు రకాలూ విడివిడిగా అడుగు. ఇన్‌డైరెక్ట్ మాత్రమే కాస్త పెరిగితే రిబావిరిన్ పని. డైరెక్ట్ కూడా పెరిగినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, పొట్ట ఉబ్బినా, మనిషి మగతగా ఉన్నా లివర్ డాక్టరు దగ్గరికి అప్పటికప్పుడు వెళ్ళాలి. కళ్ళు పచ్చబడ్డాయని తెలియగానే ఎవరో ఒకరు కామెర్ల పసరు తెస్తారు. తాగొద్దు, కంట్లో పిండించుకోవద్దు. ఆ పసరు ఈ బిళ్ళల్ని ఎలా చెడగొడుతుందో తెలియదు. కంట్లో పోస్తే నల్లగుడ్డు మీద పుండు పడొచ్చు. నందివర్ధనం పూలు, చంటిపిల్లల తల్లిపాలు కూడా వద్దు. మన ఇళ్ళలో పెద్దలు ప్రేమతోనే చెబుతారు, నువ్వూ అంతే ప్రేమగా వద్దని చెప్పు.

కళ్ళలో ఇసుక పోసినట్టుండటం, మంట, సాయంత్రానికి ఎరుపు, ఇవి నిన్ను ఎక్కువగా విసిగిస్తాయి. రోజంతా ఏసీలో కంప్యూటర్ ముందు కూర్చుంటావు, రెప్ప సగానికి సగం తక్కువ కొడతావు. రిబావిరిన్‌కి ఒళ్ళు దురద పెడుతుంది. దానికి వేసుకునే దురద బిళ్ళలు కన్నీటిని ఇంకా ఎండగడతాయి. అందుకని దురదకి ముందు స్నానం కాగానే కొబ్బరినూనో మాయిశ్చరైజరో రాయి, బిళ్ళ డాక్టరు చెబితేనే.

కన్ను తడిగా ఉంచే చుక్కలకి 0.5 శాతం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అడుగు. సీసాలో వచ్చేవాటిలో నిల్వ మందు కలుపుతారు, రోజుకి నాలుగుసార్లు దాటితే ఆ నిల్వ మందే కంటిని గీస్తుంది. ఇంకా ఎక్కువసార్లు కావలసివస్తే నిల్వ మందు లేని చిన్న ప్లాస్టిక్ గొట్టాలు దొరుకుతాయి, అవి తెచ్చుకో. సీసా తెరిచిన తేదీ దానిమీదే రాసి, నెల కాగానే పారెయ్యి. వేసుకునేటప్పుడు చెయ్యి సబ్బుతో కడుక్కుని, తల వెనక్కి వాల్చి, కింది రెప్ప చూపుడువేలితో కిందికి లాగు. అక్కడ చిన్న సంచిలా ఏర్పడుతుంది. అందులో ఒక్క చుక్క చాలు, రెండోది చెంప మీదికే జారుతుంది. సీసా మూతి రెప్పకి తగలనివ్వకు. కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలని ఒక నిమిషం నొక్కిపట్టు. వేరే చుక్కలు కూడా ఉంటే అయిదు నిమిషాలు ఆగి వేసుకో. మెడికల్ షాపువాళ్ళు ‘ఎరుపు తగ్గుతుంది సార్’ అని ఇచ్చేవి తీసుకోకు. వాటిలో కొన్ని రక్తనాళాల్ని ముడిచేవి, మానగానే రెట్టింపు ఎరుపు వస్తుంది. కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది, కంటి ప్రెషర్ పెంచుతుంది. గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ రాత్రి పడుకునేముందు అయిదు నిమిషాలు రెప్పల మీద వేసుకో. ఈ మూడు నెలలూ కాంటాక్ట్ లెన్సులు పక్కన పెట్టెయ్యి.

రాత్రిపూట మాత్రమే చూపు ఆనకపోతే రేచీకటి కావచ్చు. గట్టిపడిన లివర్ విటమిన్ ఎ సరిగా నిల్వ చెయ్యలేదు. కానీ ఆ బిళ్ళలు సొంతంగా వేసుకోకు. మోతాదు మించితే అదే విటమిన్ లివర్‌కి విషం. డాక్టరుకి చూపించుకునేదాకా రాత్రి బండి నడపకు.

ఒక కంటి చూపు ఉన్నట్టుండి పోవడం, పక్కనుంచి నల్లటి తెర దిగినట్టుండటం, మెరుపులతోపాటు నల్లచుక్కలు గుంపుగా తేలడం, గీతలు వంకరపోవడం, ఒకటి రెండుగా కనబడటం, వెలుతురు చూడలేనంత నొప్పితో కన్ను ఎర్రబడటం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. నొప్పి లేదు కదా అని ఊరుకోకు, రెటీనాకి నొప్పి తెలియదు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికో, మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికో, ఏది దగ్గరైతే అక్కడికి బయల్దేరు. చూపుతోపాటు మూతి వంకరపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు, నేరుగా పెద్దాసుపత్రికే వెళ్ళాలి.

ఏం జరిగినా ఆ రోజుకొక బిళ్ళ మాత్రం నీ అంతట నువ్వు ఆపకు. చూపు తేడా అని వారం మానేస్తే వైరస్ మళ్ళీ తలెత్తొచ్చు, ఈసారి ఆ మందుకి లొంగకుండా తయారుకావచ్చు. ఇది రెండో ప్రయత్నం కదా నాయనా. కంటి డాక్టరు, లివర్ డాక్టరు మాట్లాడుకుని ఏది ఆపాలో చెబుతారు, ఆపాల్సి వస్తే అది ఎక్కువగా రిబావిరినే అవుతుంది. కళ్ళతో పని లేకపోయినా చెబుతున్నాను, కడుపులో మంటకి పాంటప్రజోల్ వేసుకునే అలవాటు నీకుంది. వెల్పటాస్‌విర్ ఒంటికి పట్టాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి, పాంటప్రజోల్ దాన్నే తగ్గిస్తుంది. డాక్టరుని అడక్కుండా పాంటప్రజోల్ ముట్టుకోకు.

శనివారం కంటి పరీక్షకి వెళ్ళు. షుగర్ ఉందని, ఇదివరకు ఇంటర్‌ఫెరాన్ వాడావని, రిబావిరిన్ మొదలుపెడుతున్నావని ముందే చెప్పి, రెటీనా ఫోటో తీయించి కాపీ దగ్గర పెట్టుకో. తర్వాత ఏ మచ్చ కనబడినా పాతదో కొత్తదో దాన్ని పెట్టి చూసి చెబుతారు. చుక్కలు వేసి కనుపాప పెద్దది చేస్తారు కాబట్టి నాలుగైదు గంటలు చూపు ఆనదు, వెలుతురు పొడుస్తుంది. నల్లద్దాలు తీసుకెళ్ళు. బండి నువ్వు తియ్యకు, కోడలిని తోడు తీసుకెళ్ళు.

మీ అమ్మ