పాలపళ్ళ పందెం

గుంటూరు, బ్రాడీపేట

ప్రియమైన రాఘవకు,

సంక్రాంతికి మా ఊరి బండలాగుడు పోటీలు ఎలా జరిగాయని అడిగావు. చూశాను గానీ, నా దృష్టి బండ మీద కంటే ఒంగోలు గిత్తల నోళ్ళ మీదే నిలిచింది. పాలపళ్ళ విభాగంలో దిగిన గిత్త కింది పెదవిని పరీక్షకుడు బొటనవేలితో లాగి, చిగురు వెంట చూపు నడిపి, ఒక్క పాలపన్నూ ఊడలేదని తేల్చుకున్నాకే కాడి ఎత్తనిచ్చాడు.

అది చూస్తుంటే ఇంగ్లండులో జరిగే రెండేళ్ళ గుర్రాల పందెం గుర్తొచ్చింది. అక్కడ వయసు లెక్క పళ్ళది కాదు, క్యాలెండరుది. ఏ నెలలో పుట్టినా గుర్రానికి పుట్టినరోజు జనవరి 1. మన పెద్దవాళ్ళందరికీ బడిపంతులు జూలై 1 అని రాసేసినట్టే అనుకో. పూర్వం ఆ తేదీ మే 1గా ఉండేది.

అసలు అంత లేత గుర్రాలను పరుగెత్తించే అలవాటే మొదట్లో లేదు. 18వ శతాబ్దంలో అయిదారేళ్ళు నిండిన గుర్రాలు నాలుగేసి మైళ్ళు, అదీ ఒకే రోజు పలుమార్లు, పరుగెత్తేవి. అన్నేళ్ళు మేపితే గానీ పెట్టిన డబ్బు తిరిగి రాకపోవడం యజమానులకు భారమే గదా! గుర్రప్పందేలకు పేరుపడ్డ ఇంగ్లండు ఊరు న్యూమార్కెట్‌లో 1786లో జూలై స్టేక్స్ అనే పందెం మొదలైంది. రెండేళ్ళ గుర్రాల పందేలలో నేటికీ నిలిచి ఉన్నవాటిలో అదే పాతది.

నాకు ఇష్టమైనది మాత్రం అదే ఊళ్ళో 1875లో థామస్ గీ ప్రారంభించిన డ్యూహర్స్ట్ స్టేక్స్. దూరం 7 ఫర్లాంగులు, అంటే సుమారు 1400 మీటర్లు. మొదటి ఏడు గెలిచిన హంగేరీ గుర్రం కిస్‌బెర్ మరుసటి ఏడాది, మూడేళ్ళ గుర్రాల పెద్ద పందెమైన ఎప్సమ్ డెర్బీ కూడా గెలవడంతో, డెర్బీ జోస్యం ఇక్కడే తెలుస్తుందన్న పేరు ఈ పందేనికి వచ్చింది. జోస్యం ప్రతిసారీ ఫలించదనుకో; 1988లో సమానంగా గీత దాటిన ప్రిన్స్ ఆఫ్ డాన్స్, సీనిక్ రెండింటికీ డెర్బీ దక్కలేదు. అంతకు ముందు ఏడాది పెనుగాలికి పందెమే ఆగిపోయింది.

ఈ క్యాలెండరు లెక్క న్యాయమేనా అన్నది మాత్రం నాకు తేలలేదు. గుర్రానికి ముందు జత పాలపళ్ళు దాదాపు రెండున్నరేళ్ళకు మారతాయి. పందెం అక్టోబరులో గనుక ఫిబ్రవరిలో పుట్టినది ఆ జత మార్చుకొని వస్తుంది, మేలో పుట్టినది పాలపళ్ళతోనే వస్తుంది. మన పరీక్షకుడైతే ఆ రెంటినీ ఒకే విభాగంలోకి రానివ్వడు. 1969లో గెలిచిన నిజిన్‌స్కీ, 2010లో గెలిచి మొత్తం 14 పందేలలో ఓటమి ఎరుగని ఫ్రాంకెల్, రెండూ ఫిబ్రవరి పిల్లలే!

అయితే ఇదంతా అన్యాయమని కొట్టిపారేద్దామంటే నిజిన్‌స్కీ తండ్రి నార్తర్న్ డాన్సర్ అడ్డొస్తుంది. అది 1961 మే 27న పుట్టింది. 1964 మే 2న, నిజమైన మూడేళ్ళకు ఇంకా 25 రోజులు తక్కువుండగానే, అమెరికాలో మూడేళ్ళ గుర్రాలకు జరిగే కెంటకీ డెర్బీని సరిగ్గా రెండు నిమిషాల్లో గెలిచి రికార్డు సృష్టించింది.

చెల్లెమ్మకు, పిల్లలకు నా ఆశీస్సులు.

నీ మిత్రుడు,
శేషు